దమయంతి గారి కంప్యూటరుకు కొన్న పెద్ద డిస్కు

నేను రిటైరవడానికి ఏడాది ముందు, మే నెలలో, శ్రీకాకుళం సర్వీస్ సెంటరులో సీనియర్ ఇంజనీరుగా ఉన్నప్పటి సంగతి ఇది. ఆఫీసుల కంప్యూటర్లను ఏడాది కాంట్రాక్టు మీద చూసుకోవడం మా కంపెనీ పని. మాలో మూడు మెట్లు: ట్రైనీ, ఇంజనీరు, సీనియర్ ఇంజనీరు. ట్రైనీ స్క్రూలు విప్పుతాడు, ఇంజనీరు బిగిస్తాడు, సీనియర్ ఫోనులో సలహా చెబుతాడు. ప్రతి పనికీ ఏం చేశామో జాబ్‌షీటు రాయాలి. మార్చిన పాత భాగాన్ని నెల రోజులు స్టోరులో ఉంచాలి. నేను చెప్పబోయేది జాబ్‌షీటు లేని పని. తెలిసినవాళ్ళు అడిగితే ఆదివారం పూట చేసిపెట్టినది.

అడిగినావిడ దమయంతి గారు. టెక్కలిలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియనుగా చేసి మానేశారు. ఆవిడది భావనపాడు దారిలో, కొబ్బరి తోటల మధ్య ఊరు. ఆ వైపు ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆవిడ భర్త దానితోనే పోయారు. ఆవిడ తమ్ముడు గురువులు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి వస్తున్నాడు. ఊళ్ళో వాళ్ళ రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో, అంటే కిడ్నీ ఎంతవరకు పనిచేస్తోందో చెప్పే అంకెను, ఏ బావి నీళ్ళు తాగుతున్నారో దానితో కలిపి, ఏళ్ళ తరబడి ఆవిడ రాసి ఉంచారు. పుస్తకాలు ఒక తుపానులో తడిసి ముద్దయ్యాయి. మిగిలింది ఇంట్లో కంప్యూటరులోది ఒక్కటే. అది మా ట్రైనీలు పుట్టకముందు భర్త కొన్న యంత్రం. అందులోని రికార్డు ప్రోగ్రామూ ఆయన రాసిందే.

దాని డిస్కు కటకటమంటోంది, ఏ రోజైనా ఆగిపోవచ్చు. జూన్‌లో నగరం నుంచి డాక్టర్ల బృందం వస్తోంది. ఒకే మనిషి అంకెలు ఏడాదికేడాది ఎలా మారాయో చూపించగలిగితే ఆ ఊరిని తమ పరిశీలనలోకి తీసుకుంటామన్నారు. జబ్బు బయటపడనివాళ్ళకు ముందే పరీక్షలు జరుగుతాయి. దమయంతి గారికి కావలసింది అదీ.

ఆవిడ అడిగింది బయటికి తీయగలిగే డిస్కు. తుపాను హెచ్చరిక వస్తే కంప్యూటరు మోయలేరు, డిస్కు ఒక్కటీ తీసి పట్టుకెళ్ళాలి. దానికి మొబైల్ ర్యాక్ అని ఉండేది. కంప్యూటరు ముఖాన ఒక అర, అందులోకి పిడి ఉన్న సొరుగు, సొరుగులో డిస్కు. తాళం తిప్పి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది.

ర్యాక్ తేలిగ్గానే దొరికింది. డిస్కు కోసం విశాఖపట్నంలో పాత భాగాలమ్మే దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు రెండు చూపించాడు. ఒకటి నాలుగు వందల ఎంబీ, యంత్రం వయసుదే. రెండోది దానికి పదింతలు, నాలుగు జీబీ. ధర ఒకటే.

"సార్, ఆ పాత బండికి సిన్నదే పట్టుకెళ్ళండి. పెద్దది ఎడితే లెక్క తప్పుద్ది," అన్నాడు.

ఇక్కడ నా పుట్టుక గురించి చెప్పాలి. విజయనగరంలో మా నాన్నది బియ్యం కొట్టు, మావయ్యది పక్కనే కిరాణా. అమ్మేవాడు ఏది తీసుకోమంటే అది వాడికి వదిలించుకోవలసిన సరుకని పాలతోపాటు తాగాను. చెప్పుల షాపువాడు చెప్పిన సైజు కూడా నమ్మను. అందుకే చాలా ఏళ్ళు కరిచే చెప్పులే తొడిగాను.

"ఏటి, కదలని సరుకు నాకు అంటగడతన్నావా?" అన్నాను. అతను నవ్వి రెండూ నా ముందుకు జరిపాడు. అదే ధరకు పదింతలు వస్తుంటే చిన్నది కొనేవాడు మా వంశంలో లేడు. అక్కడితో ఆగినా బాగుండేది. ముందే విప్పి తెచ్చుకున్న దమయంతి గారి పాత డిస్కు మార్పిడికి ఇస్తానని ఇంకాస్త తగ్గించాను. మర్నాడు పాతదాంట్లోది తిన్నగా కొత్తదాంట్లోకి ఎక్కించి, పాతదాన్ని బస్సులో వైజాగు వెళ్ళే ట్రైనీ చేతికిచ్చి పంపేశాను. కంపెనీ పనైతే అది నెల రోజులు స్టోరులో ఉండేది.

అతను తప్పుద్దన్న లెక్క ఇదీ. ఆ కాలపు కంప్యూటర్లకు డిస్కును లెక్కపెట్టడంలో ఒక హద్దుంది, సుమారు ఐదు వందల ఎంబీ. దాన్ని దాటి రాయమంటే కొన్ని యంత్రాలు రాయలేనని చెప్పవు. లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టి, డిస్కు మొదట్లో ఉన్నదాని మీదే రాసేస్తాయి. ఇది నేను ట్రైనీగా ఉన్నప్పుడు నేర్చుకున్నదే. అవసరం పడక మరుగునపడింది.

రికార్డులు ఎక్కించేముందే సెంటరులోని కొత్త యంత్రం మీద కొత్త డిస్కును సి, డి అని రెండు సమభాగాలు చేశాను. సి మొదట్లో రికార్డులు, డి ఖాళీ. వారానికోసారి రికార్డుల నకలు డి లోకి తీసుకోండని చెప్పడం నా ఉదారత. ఆదివారం వెళ్ళి బిగించాను. మొదటి రికార్డు తెరిచాను, చివరిది తెరిచాను. రెండూ వచ్చాయి. డి వైపు చూడలేదు. ఖాళీ గదికి తలుపు తీసి చూసేదేముంది అనుకున్నాను.

గురువులు సొరుగును రెండుసార్లు లాగి పెట్టాడు. "తుపానొస్తే నన్నొగ్గీసయినా దీన్ని సంకనెట్టుకుపోతాది మా అక్క," అన్నాడు.

"నువ్వు నడవగలవు కదరా. అది నడవలేదు," అందావిడ.

ఆ వారం నకలు తీసుకోబోతూ శనివారం ఆవిడ ఫోను చేసింది. నేను సెంటరులో కాంట్రాక్టు కాగితాల ముందున్నాను.

"బాబూ, డి లోకి ఎల్తంటే ఫార్మాట్ అవనేదని రాస్తన్నాది."

సొరుగు సరిగా కూర్చోలేదేమో, ఫార్మాట్ చేయడం నేనే మరిచానేమో అనుకున్నాను. ఫార్మాట్ చేయమని, అంటే ఆ భాగాన్ని చెరిపి రాతకు సిద్ధం చేయమని, ఏ అక్షరాలు కొట్టాలో చెప్పాను.

"ఉన్నదంతా సెరిగిపోద్దంటన్నాది బాబూ. నొక్కనా?"

"అది ఖాళీ భాగమేనమ్మా. నొక్కండి."

"ఖాళీదని అది సెప్పడం నేదు. మీరు సెప్తన్నారు."

"నేను చేసిందే కదమ్మా."

"ఒకపాలి వచ్చి సూస్తారా? రేపు ఆదివారం దాకా ఆగుతాను."

"ఇంత చిన్నదానికి రావడమెందుకు? అవునని వై నొక్కండి."

ఆవిడ నొక్కింది. డి అంతా హద్దుకు అవతల ఉంది. యంత్రం లెక్క తప్పి, సి మొదట్లో ఉన్న పట్టికను, అంటే ఏది ఎక్కడుందో చెప్పేదాన్ని, తుడిచేసింది.

పది నిమిషాల్లో మళ్ళీ ఫోను. "నేనేటి తప్పు నొక్కినాను బాబూ?"

నాకు ఆ క్షణంలో అర్థమైంది. అయినా కరెంటు తేడా వచ్చి ఉంటుందని అన్నాను. తప్పు ఆవిడది కాదని నేను చెప్పలేదు, నాదనీ చెప్పలేదు. రెండు రోజులు అలాగే వదిలేశాను. ఆ రెండు రోజుల్లో వైజాగు వెళ్ళాను. పాత డిస్కు తుక్కులో కలిసి లారీ ఎక్కిపోయింది. "సెప్పినాను కద సార్," అన్నాడు దుకాణదారు. ఇంకో మాట అని ఉంటే బేరమాడినట్టుగా ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి.

మూడో రోజు ఊరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. దమయంతి గారు విని, "అయితే నేను నొక్కింది సరిగ్గానే నొక్కినాను," అని మాత్రం అన్నారు. గురువులు గోడకు జారబడి ఉన్నాడు.

"అక్క రెండ్రోజులై ముద్ద ముట్టనేదు. సేతులు సూసుకుంటా కూకుంది. ఈ మాట ఫోనులో సెప్పడానికి నోరు రానేదేటి మావా?"

నేను తాళం తిప్పి సొరుగు బయటికి లాగాను.

డిస్కును సెంటరుకు తెచ్చి నాలుగు రోజులు వెతికాను. పోయిన ఫైళ్ళను ముక్కలుగా ఏరే ప్రోగ్రాములుంటాయి. పేర్లు వచ్చాయి. అంకెలూ వచ్చాయి. ఏ అంకె ఎవరిదో కలిపే వరస రాలేదు. డాక్టర్లు వచ్చి ఆ కాగితాలు మర్యాదగానే చూశారు. వీటితో ఏమీ చేయలేమని, ఇప్పటి నుంచి కొత్తగా రాయండని చెప్పి, వేరే ఊరిని ఎంచుకున్నారు. దమయంతి గారు పుస్తకం కొని ఒకటో నంబరు నుంచి రాయడం మొదలుపెట్టారు.

దసరా వెళ్ళాక గురువులు పోయాడు. రికార్డు ఉంటే బతికేవాడని కాదు. అది అతని కోసం ఉంచినది కాదు, ఇంకా జబ్బు తెలియనివాళ్ళ కోసం. వాళ్ళెవరో నాకు తెలియదు. ఆ ఊళ్ళో నన్ను పలకరించే ప్రతి మనిషీ కావచ్చు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొద్దే. అమ్మేవాడి మాటలో లాభం ఎంతుందో చూసేముందు నిజం ఎంతుందో చూడాలి. జాబ్‌షీటు లేని పనికి జాబ్‌షీటు ఉన్నట్టే నియమం పాటించాలి. ఇంకొకటి. యంత్రం ముందు కూర్చున్నవాళ్ళు ఒకే సంగతి రెండోసారి అడిగితే పని ఆపి అక్కడికి వెళ్ళాలి. తెర వాళ్ళకు కనిపిస్తోంది, ఫోనులో ఉన్నవాడికి కాదు. దమయంతి గారు మూడుసార్లు అడిగారు.