చల్లబడని పెట్టె

మా అక్క మామగారు ముప్పై ఏడేళ్లు మిల్లులో మోటార్లు చూసుకున్నారు. షిఫ్టు దిగేముందు ప్రతి మోటారు మీదా చేతి వెనకవైపు ఆనించి చూస్తే గానీ గేటు దాటేవారు కారట. ఆపిన మోటారు చల్లబడలేదంటే ఎక్కడో కరెంటు తింటోందని అర్థం. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఇంట్లో మిక్సీ, ఫ్రిజ్, చివరికి టీవీ మీద కూడా ఆనించి చూసేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. ఏ మెషీనొచ్చినా స్క్రీన్ మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి పవర్‌ని మ్యాక్సిమంలో పెట్టి పంపడం నాకలవాటు. నా చెయ్యి పడితే మెషీన్ పరిగెడుతుందని నలుగురూ అనుకోవాలి, అంతకు మించి కారణం లేదు. ఇళ్ల డిజైన్లు గీసే అక్క కంప్యూటర్‌కీ అదే చేశాను. పైగా ఎప్పుడూ ఆపక్కర్లేదని, పని లేనప్పుడు కార్డు దానంతటదే నిద్రపోతుందని సలహా కూడా పారేశాను. నిద్రపోనివ్వని సెట్టింగు పెట్టింది నేనేనన్న ఆలోచనే రాలేదు.

కరెంటు బిల్లు పెరిగింది. భోజనాల దగ్గర ఆ మాటొచ్చినప్పుడు పెద్దాయన మెల్లగా అన్నారు.

"ఆ పెట్టె ఊరికే ఉన్నప్పుడు కూడా వేడిగా ఉంటోంది బాబూ. ఒకసారి చూడు."

"కంప్యూటరంటే అంతే మావయ్యగారూ. మీ మిల్లు మోటారు కాదుగా" అన్నాను. మా బావ అందరికన్నా గట్టిగా నవ్వాడు. అక్కడితో నోరు మూసుకోవాల్సింది. "మీ గదిలో ఫ్యాన్ ఆపడం మర్చిపోతున్నట్టున్నారు, అది చూసుకోండి" అని కూడా తగిలించాను. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే అదే.

మర్నాటి నుంచి ఆయన గదిలో ఫ్యాన్ తిరగలేదు. ఎండాకాలమంతా గుమ్మంలో కూర్చుని, మడిచిన పేపరుతో విసురుకున్నారు. అయినా బిల్లు పెద్దగా దిగలేదు. బాత్రూం లైటు వదిలేస్తున్నారేమోనని అక్క రెండుసార్లు ఆయన వెనకాలే వెళ్లి చూసింది.

వేసవి చివర్లో ఆ కంప్యూటర్ దుమ్ము దులపడానికి వెళ్లాను. స్క్రీన్ మీద ఏ పనీ లేదు. లోపల మాత్రం ఒకటే రొద. ఎందుకో చేతి వెనకవైపు ఆనించాను. వేడిగా తగిలింది. ప్లగ్గుకి మీటరు తగిలించి చూశాను. కార్డు సెట్టింగు మామూలుకి మార్చి మళ్లీ చూశాను. తేడా డెబ్బై వాట్లు. ఒక సీలింగ్ ఫ్యాన్ తినేంత కరెంటు, రాత్రీ పగలూ.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. పిల్లిలా జారుకున్నాను.

తర్వాతి నెల బిల్లు బాగా తగ్గింది. ఆ పూట నేను అక్కడే భోంచేస్తున్నాను. "మావయ్యగారికి స్విచ్చిలు ఆపడం ఇప్పటికి అలవాటైంది" అని అక్క మెచ్చుకుంది.

పెద్దాయన తలొంచుకున్నారు. "నిజమేనమ్మా. ఈమధ్య మతిమరుపు వచ్చినట్టుంది."

ముప్పై ఏడేళ్లలో ఒక్క స్విచ్చి మర్చిపోని మనిషి చేత ఆ మాట అనిపించాను. సిగ్గుతో చచ్చిపోయాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"మతిమరుపు కాదు మావయ్యగారూ. పెట్టె సంగతి మీరు చెప్పిందే నిజం. సెట్టింగు తప్పు పెట్టింది నేను. నాకు నెల కిందటే తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఆయన నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది. ఆయన చెయ్యి కడుక్కుని, తన గది గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"అయితే ఇక ఫ్యాన్ వేసుకోవచ్చా బాబూ?" అని నన్నడిగారు.