పెరుగు పక్కన బూజు

మా మేడం పోయారు. గోదావరిఖనిలో మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీకి బయల్దేరే వేళ ఆమె భర్త ఫోన్ చేశాడు. "ఏ మందుకు తగ్గలే బిడ్డా" అన్నాడు. ఒంట్లో చేరిన బ్యాక్టీరియా మందులకు లొంగలేదట. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. అలాంటి మొండి రోగాలకు మందు వెతకడంలోనే ఆవిడ బతుకు గడిచింది మరి.

ఇక్కడి కాలేజీలో ఆవిడ మాకు వృక్షశాస్త్రం చెప్పారు. ఇప్పుడు నేనూ అక్కడే చెబుతున్నాను. ఆమె భర్తను నేను కాకా అంటాను. బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. బావి పైకప్పుకు ఆనించిన కర్ర ఒకటి కుళ్లితే, ముక్క విరిచి టిఫిన్ డబ్బాలో తెచ్చాడొకసారి. దాని మీద తెల్లటి బూజు. మేడం దాన్ని గాజు గొట్టంలో పెంచారు.

బ్యాక్టీరియా పరిచిన పళ్లెంలో ఆ బూజు ముక్క పెడితే, దాని చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడేది. అక్కడ బ్యాక్టీరియా పెరిగేది కాదు. మేము సంబరపడబోతే ఆపారు. "ఆగుండ్రి. సంపుతుందని తెలిసింది. దేంతోని సంపుతుందో తెల్వాలె గదా!"

అది తెలిసేలోపే బూజు మొండికేసింది. గొట్టంలో తీపి తిండి మీద ఏళ్లు పెరిగితే కొన్ని బూజులు ఆ పదార్థం తయారు చేయడం మానేస్తాయి. మళ్లీ తెద్దామంటే ఆ బావి మూసేశారు, నీళ్లు నిండిపోయాయి. "పోటీ లేదు, ఆకలి లేదు. ఎందుకు కష్టపడతది? మన అల్లుండ్లు పడతరా?" అని మమ్మల్ని నవ్వించి, కర్రపొట్టు కలిపి ఇంకో రకం తిండి తయారుచేసేవారు. ఏది కలిపినా ఖాళీ రాలేదు. "మల్ల పెట్టి చూడు" అనేవారు. ఆవిడ దగ్గర చదివినవాళ్లు మీలో ఉంటే ఆ మాట గుర్తుండే ఉంటుంది. నాకున్న కాస్త ఓపికా ఆవిడ పెట్టిన భిక్షే.

సెలవుల్లో కాలేజీలో కరెంటు తీసేస్తారని గొట్టం వాళ్లింటి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన ఉండేది. కాకకు అది కంటగింపు.

"ఏందే, నేను తినేది పెరుగా, నీ బూజా?"

"తెచ్చింది నువ్వే గదా, సాదు మరి" అనేవారు మేడం.

దవాఖానలో చివరిసారి చూసినప్పుడు మేడం నా చెయ్యి పట్టుకుని "మల్ల పెట్టు" అన్నారు, అంతే.

దినాలయ్యాక పెట్టాను. పూజ చేసినంత శ్రద్ధగా పెట్టాను. బ్యాక్టీరియా బూజు అంచు దాకా వచ్చి ఆనుకుని పెరిగింది. ఎండాకాలం సెలవులిచ్చేశారు కనక గొట్టం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. కాక గుమ్మంలోనే అడిగాడు.

"ఖాళీ వచ్చిందా బిడ్డా?"

"రాలే కాకా."

"బతికే ఉన్నదా?"

"ఉన్నది. పని మర్చిపోయింది, గంతే."

ఆయన గొట్టం అందుకుని ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు గిన్నెను కింది అరలోకి దించాడు. పచ్చిమిరపకాయల కవరు, తొక్కు డబ్బా కూడా తీసేశాడు. గొట్టాన్ని ఒక గ్లాసులో నిలబెట్టి అర మధ్యలో పెట్టాడు. అది ఒక్కటే, చుట్టూ ఖాళీ.