సిర్దాబ్ కాలేజీలో నా చదువు

ఆ దినాల్లో మా రాయచోటి పక్క ఆడపిల్లలకు కాలేజీ అంటే బస్సు కిటికీలోంచి కనపడే ఒగ పెద్ద గేటు, అంతే. లోపల ఏముంటాదో మాకు పని లేదు. నేను ఐదో తరగతితో బడికి దండం పెట్టి, ఇరవై నిండకముందే కువైట్‌కు పోయిన మనిషిని (పాస్‌పోర్టులో మాత్రం మా పెద్దక్క కంటే పెద్దదాన్ని, అంతా ఏజెంటు చలవ). ఇట్లాంటిదాన్ని కాలేజీ చదువు చదివినానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. నవ్వనీండి. చదివినాను. కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చి కూర్చున్నప్పుడు, నేల కింద నడిచిన కాలేజీలో చదివినాను.

బ్నీద్ అల్ గార్ అనే పేటలో నేను పనిచేసే ఇంటి మామా, అంటే మా యజమానురాలు, పిల్లోళ్లను తీసుకోని మొగునితో ఎండాకాలం గడపడానికి లండన్ పోయింది. పోతా పోతా ఇల్లు భద్రమని, పూలకుండీలకు రెండు పూటలా నీళ్లు పోయమని చెప్పింది. వాళ్లు అట్ల పోయినారో లేదో, ఒగనాడు తెల్లారేసరికి వీధిలో ట్యాంకులు. ఫోన్లు ఖలాస్. నా పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఇంటాయన, దగ్గరనే ఉండాల కదా, ఆయప్ప దాన్ని ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో ఏసుకోని లండన్‌లో ఉండాడు. నేనేం చేసినానో తెలుసునా? బయట తుపాకులు పేలతాంటే కుండీలకు నీళ్లు పోసినాను. చెప్పిన పని కదా మరి. వెనక బిల్డింగు కిటికీలోంచి ఒగామె అది చూసి, దిగొచ్చి, నా చేతిలో బిందె లాక్కోని, "ఒక్కదానివే ఇక్కడేం చేస్తావే పిచ్చిమొహమా, పద" అని రెక్క పట్టుకోని తీసుకపోయింది. ఆమే మా టీచరక్క.

టీచరక్కది రాజమండ్రి పక్క. కువైట్‌లో మనోళ్ల పిల్లల బడిలో పాఠాలు చెప్పేది. సెలవులకు మొగుడు ఊరికి పోతే, ట్యూషన్లు ఉండాయని ఈమె ఆగిపోయింది. బిల్డింగు కింద నేలమాళిగ ఉండేది, అరబ్బీలో సిర్దాబ్ అంటారు. అందులో బిల్డింగోళ్లు, చుట్టుపక్కల చిక్కుకున్నోళ్లు అందరూ చేరినారు. ఒగరు ఏడిస్తే ఇంగొగరు ఏడుస్తారు, రేడియో కోసం కొట్లాడుకుంటారు, ఎవరో ఒగరు కొత్త పుకారు మోసుకొస్తారు. కొన్నాళ్లు చూసి చూసి టీచరక్క తిరగేసిన బకెట్టెక్కి నిలబడి, రేపట్నుంచి ఇక్కడ కాలేజీ అనింది. చిన్నప్పుడు ఆమె ఏదో వారపత్రికలో చదివిందంట, యాడో పరాయి దేశంలో ఒగ చిన్న కాలేజీ ఉండాదని, అక్కడ పొద్దున లెక్కలు నేర్చుకున్న పిల్లే మధ్యాన్నం పాటలు నేర్చుకోని, సాయంత్రం తోటపని చేస్తాదని. అట్లాంటి దాంట్లో చదవాలని ఆమెకు మా చెడ్డ ఆశ. ఇంట్లోవాళ్లు టీచరు ట్రైనింగులో ఏసి చేతులు దులుపుకున్నారు. ఇన్నాళ్లకు ఆ కాలేజీ ఆమెకు సిర్దాబ్‌లో దొరికింది.

రూలు ఒగటే. ప్రతి ఒక్కరూ ఒగటి నేర్పాల, రెండు నేర్చుకోవాల. నేను సంగటి కెలికేది నేర్పినాను (రాగిపిండి లేదు, గోధుమపిండితోనే, తిన్నోళ్లు ఇప్పటికీ నన్ను మర్చిపోయుండరు). నేర్చుకునేది ఇంగ్లీషు, భూగోళం. దజీజ్ అనే చోట గోదాంలో మూటలు మోసే జగిత్యాలాయన ఒగాయన ఉండేవాడు, దజీజన్న అనేవాళ్లం. ఆయన పట్టుబట్టి సంగీతంలో చేరినాడు. ఆయన గొంతెత్తితే పైన వీధిలో కాపలా ఉండే సిపాయి గూడా కిందికి వంగి చూసేవాడు. రొట్టెల దుకాణం ముందర వరసలో నిలబడేదానికి పోతే అది విజ్ఞానయాత్ర. ఎండలో నిలబడి నిలబడి అంత విజ్ఞానం మేం మళ్లా యాడా సంపాదించలేదు. విద్యార్థి సంఘం గూడా పెట్టినాం. చక్కెర ఏసిన టీ కావాలని తొలి తీర్మానం చేసినాం, చక్కెర లేదని తెలిసి ఆ పొద్దే సంఘం రద్దు చేసుకున్నాం. మెస్సు మాత్రం మా మామాదే. వాళ్లింటి బియ్యం మూటలే కాలేజీకి అన్నం పెట్టినాయి. ఆ తల్లికి తెలియకనే ఇంతమందిని సాకింది, ఇప్పటికీ అన్నం కలిపేటప్పుడు ఆమెను తలుచుకుంటాను.

అన్నిటికంటే ముఖ్యం హాజరు. పొద్దున్నే టీచరక్క పేర్లు పిలిచేది. లేచి నిలబడి "ప్రెజెంట్ టీచర్" అనాల, ఆమె గోడ మీద సుద్దముక్కతో టిక్కు పెట్టేది. ముసలోళ్లకు గూడా తప్పదు. మొదట్లో ఇదేం పిల్లలాట అని నవ్వుకున్నాను. ఒగనాడు దజీజన్న పేరు పిలిస్తే జవాబు రాలేదు. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి, ఆయన రొట్టెలు పట్టుకోని మెట్లు దిగొచ్చిందాకా ఇంగో పేరు పిలవలేదు. ఆ పొద్దు అర్థమైంది నాకు, హాజరు దేనికో.

అంతలోనే మన దేశమోళ్లను బస్సుల్లో ఎక్కించి అమ్మాన్ మీదుగా ఇంటికి పంపిస్తాండారని తెలిసింది. సిర్దాబ్ అంతా మూటలు కట్టుకుంటాంటే నేను మూలకు పోయి కూర్చున్నాను. పాస్‌పోర్టు లేనోళ్లు మనోళ్ల కౌంటర్‌లో తాము ఇండియా మనుషులమని నమ్మించి కాయితం తెచ్చుకోవాల. నమ్మకపోతే బస్సు లేదు. చేతిలో ఒగ చీటీ ముక్క గూడా లేనిదాన్ని, నన్నెవరు నమ్ముతారు? టీచరక్క మాత్రం ఇది ఫైనలు పరీక్షే, భయపడాల్సిందేమీ లేదనింది. పేరు, నాయన పేరు, ఊరు, జిల్లా, చేసే పని, అన్నీ ఇంగ్లీషులో బట్టీ పట్టించింది. పనేంది అంటే "హౌస్‌మెయిడ్" అనాల. నిద్రలో లేపి అడిగినా చెప్పేంత చదివినాను.

కౌంటరు ఒగ బడిలో పెట్టినారు. బల్ల వెనక కళ్లద్దాల సారు. నా వెనక వరసలో మా కాలేజీ అంతా. ఆయన హిందీలో అడిగినాడు, నేను ఇంగ్లీషులో చెప్పినాను. పేరు, నాయన పేరు, ఊరు, జిల్లా, ఒగటీ తప్పు పోలేదు. ఆయన మొహంలో సంతోషం చూసేసరికి నాకు ఊపొచ్చింది. ఏం పని చేస్తావమ్మా అన్నాడు.

"స్టూడెంట్ సార్" అన్నాను.

ఎందుకన్నానో ఆ దేవునికే తెలియాల. సారు కలం కింద పెట్టినాడు. ఏ కాలేజీ అన్నాడు. సిర్దాబ్ కాలేజీ అన్నాను. నీ వీసా ఏం వీసా అన్నాడు. ఇంటిపని వీసా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసినాడు. అయిపాయె, నా బస్సు పాయె అనుకున్నాను. వెనక దజీజన్న, "గట్లెందుకన్నవ్ బిడ్డా" అని తల పట్టుకున్నాడు. టీచరక్క వరసలోంచి బయటికొచ్చింది. ఆయనకు వివరంగా చెప్తాదనుకున్నా. ఆ యమ్మ మాత్రం ఏం చేయాలో తోచక తనకు తెలిసిన పనే చేసింది, పేర్లు పిలిచింది. వరసలోంచి ఒగరెనక ఒగరు ప్రెజెంట్ టీచర్, ప్రెజెంట్ టీచర్ అన్నారు. దజీజన్న పాడే గొంతుతో అన్నాడు. ఆఖర్న నా పేరు పిలిచింది. నేను బల్ల ముందర ఏడుస్తానే, "ప్రెజెంట్ టీచర్" అన్నాను.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంతమంది మనోళ్లు ఎరిగిన పిల్ల మన పిల్ల కాకపోతే ఎవరి పిల్ల అని హిందీలోనే అన్నాడు. కాయితం రాసి, ముద్ర గుద్ది ఇచ్చినాడు. టీచరక్క దాన్ని చదివి, పని అనేకాడ ఏం రాసినాడో నాకు చెప్పింది. విద్యార్థిని అని రాసినాడంట. ఆ కాయితం బొంబాయిలో దిగినాక తీసేసుకున్నారు. టీచరక్క అమ్మాన్‌లోనే ఇంగో విమానం ఎక్కింది. ఆ గుంపులో కాళ్లకు దండం పెట్టుకునేదానికి గూడా వీలు కాలేదు, అది ఇప్పటికీ నాకు కొరతే.

కొన్నేండ్ల కిందట మా చిన్నపాపను డిగ్రీలో చేర్పించేటప్పుడు తల్లిదండ్రులందరినీ హాల్లో కూర్చోబెట్టినారు. కోటేసుకున్న సారొకాయన స్టేజీ ఎక్కి, మా పిల్లలు అన్ని విద్యలూ కొంచెం కొంచెం నేర్చుకుంటారు, టూర్లు ఉండాయి, సంఘాలుండాయి, మెస్సు ఉండాదని చెప్తాంటే, ఇవన్నీ మాకూ ఉండె కదా అని లోపల్లోపల ముసిముసిగా నవ్వుకుంటాండాను. తర్వాత ఒగరొగరినే పేరు పిలిచి లేపి, చదువు చెప్పమన్నారు. ఒగాయన బీకాం అన్నాడు, ఒగామె ఎమ్మే అనింది. నాకేం సిగ్గు, ఐదో తరగతి అని చెప్పేస్తాననుకున్నాను. నా పేరు పిలిచినారు. లేచి నిలబడినాను. నోట్లోంచి మాత్రం "ప్రెజెంట్ టీచర్" అనే వచ్చింది. హాలంతా నవ్వు. మా పాప చున్నీలో మొహం దాచుకునింది. నాకూ నవ్వొచ్చింది. కూర్చుంటా కూర్చుంటా ఒగసారి వెనక్కి తిరిగి చూసినాను, మా టీచరక్క నా పేరుకు టిక్కు పెట్టుకునిందో లేదోనని.