లాపోగారి పులిపిరి

ఫ్లారెన్స్‌లో డబ్బున్నవాళ్ళెవరైనా బొమ్మ వేయించుకునేది ఉన్నదానికంటే ఓ పిసరు అందంగా కనపడడానికే. ఉన్నిబట్టల షావుకారు లాపో ఒక్కడే ఉన్నదానికంటే అనాకారిగా కనపడడానికి వేయించుకునేవాడు.

పోనీ ఆయన ముఖంలో ఏదైనా లోపముందా అంటే అదీ లేదు. నిండైన విగ్రహం, వెండిజుట్టు, తీరైన ముక్కు. పెళ్ళిళ్ళలో వరుడి తండ్రి ఎవరో తెలియనివాళ్ళు తిన్నగా వచ్చి ఆయనకే దండం పెట్టేవాళ్ళు. ఇంతకీ ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. ఊళ్ళో మశూచి వచ్చిపోయిన ఏడాది నుంచి పట్టుకుంది. మశూచి ఆయన ఒంటిని తాకనైనా లేదు గనక తిన్నగా బుర్రకే సోకి ఉంటుందని బట్టల వీధిలో తేల్చేశారు.

మొదట ఇంట్లో దుప్పట్లు దాచుకునే పెట్టె మీద బొమ్మ వేయించాడు. ముక్కు మీద లేని పులిపిరి పెట్టమన్నాడు. పెట్టారు. చాలదు, ఇంకోటి పెట్టమన్నాడు. మూడో పులిపిరి దగ్గర ఆ చిత్రకారుడు కుంచె విసిరికొట్టి పీసా వెళ్ళిపోయాడు. అక్కడ గుర్రపు జీన్లకు రంగులేసుకుంటూ హాయిగా ఉన్నాడని, గుర్రాలు ఏమీ అడగవని చెప్పుకున్నాడట.

అలాంటి షావుకారు పేట చర్చిలో ఒక పక్క మందిరం గోడంతా బొమ్మ వేయించడానికి నోఫ్రీ అనే చిత్రకారుణ్ణి పిలిచాడు. నోఫ్రీకి అప్పటిదాకా దొరికినవి జెండాలు, పెళ్ళిపళ్ళేలు, ఇతర గురువుల గోడల మీద దేవదూతల కాళ్ళు. తన పేరు మీద గోడ దొరకడం ఇదే మొదలు. పైగా ఊరి పెద్ద పండగైన యోహాను పండగ నాడు తెర తీసినప్పుడు వడ్డీ వ్యాపారి రినియేరి వచ్చి చూస్తానన్నాడు. ఆయనకు కొత్త మేడ ఉంది, దానికి పెద్ద హాలుంది, హాలుకు తెల్లటి గోడలున్నాయి. నచ్చితే అవి నోఫ్రీవి. నచ్చకపోతే మళ్ళీ దేవదూతల కాళ్ళే.

ముగ్గురు రాజులు బాలయేసుకు కానుకలు తెచ్చే ఘట్టం అది. కింద ఓ మూల, డబ్బిచ్చినవాడు మోకాళ్ళ మీద కూర్చుని దండం పెడుతూ ఉండడం ఆనవాయితీ.

"నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదులు నోఫ్రీ," అన్నాడు లాపో మొదటిరోజే.

"ఎవరికండీ?"

"వస్తే కదా చెప్పేది!"

రాజులు అయ్యారు, ఒంటెలు అయ్యాయి, నక్షత్రం అయింది. గోడ పైనుంచి కిందికి వేసుకొస్తారు గనక మూలనున్న షావుకారు ఆఖరికి మిగిలాడు. నోఫ్రీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేశాడు. వెండిజుట్టు మీద వెలుగు పడేలా, కళ్ళలో భక్తి కనపడేలా వేశాడు. తాపీపని చేసే బెట్టో వెనక్కి జరిగి చూసి, "గురువుగారూ, ఈయన ఇప్పుడు నోరు తెరిచి మన కూలి ఎగ్గొట్టేలా ఉన్నాడండీ," అన్నాడు. బెట్టో నోట అంతకుమించిన పొగడ్త ఎవరూ వినలేదు.

లాపో వచ్చి చూశాడు.

"ఎవరీ పెద్దమనిషి?"

"మీరేనండీ."

"నా మందిరంలో పరాయివాడికి ఏం పని? కొట్టించెయ్!"

తడి సున్నం మీద వేసిన రంగు సున్నంతో పాటే ఆరి గోడలో కలిసిపోతుంది. తుడిస్తే పోదు, ఉలితో చెక్కి, మళ్ళీ సున్నం పూసి, మళ్ళీ వెయ్యాలి. బెట్టో ఉలి తీశాడు. నోఫ్రీ బయటికి వెళ్ళి గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. లోపల ఒక్కో దెబ్బా తన వీపు మీద పడినట్టే ఉంది.

రెండోసారి ముక్కు కాస్త లావు చేశాడు. "లావు చేస్తే ఏం, ఠీవి వచ్చింది. కొట్టు!" అన్నాడు లాపో. మూడోసారి పులిపిరి పెట్టాడు. "పుట్టుమచ్చలా ముద్దొస్తోంది. కొట్టు!" అన్నాడు. నాలుగోసారి షావుకారు గుమ్మంలో కనపడగానే ఇంకా ఏమీ అనకముందే బెట్టో ఉలి చేతిలోకి తీసుకున్నాడు.

చివరికి లాపోయే నోఫ్రీ చెయ్యి పట్టుకుని వంతెన దగ్గర చేపల దుకాణానికి లాక్కుపోయాడు. గంపలోంచి నోరు తెరుచుకున్న చేపనొకదాన్ని ఎత్తి తన చెంప పక్కన పెట్టుకున్నాడు.

"చూడు. ఈ పెదవి నాకు బాగుంటుందా లేదా?"

చేపలామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కొంటారా, పోలికలు చూసుకుంటారా?"

"పెదవి ఒక్కటే కావాలమ్మా!"

"పెదవులు విడిగా అమ్మం షావుకారుగారూ. మొత్తం తీసుకెళ్ళండి, ఇంట్లో ముద్దుగా చూసుకోండి."

వీధంతా నవ్వింది. అందరికంటే పెద్దగా లాపో నవ్వాడు. నోఫ్రీకి మాత్రం ఏడుపొచ్చింది.

"షావుకారుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు తిరిగి వస్తూ. "మిమ్మల్ని కప్పలా వేస్తే మీరు అడిగి వేయించుకున్నారని ఎవరూ అనుకోరు. నోఫ్రీకి ముఖం వెయ్యడం రాదంటారు. రినియేరిగారు వెనక్కి తిరిగి చూడకుండా పోతారు. నా పేరు గంగలో కలిసిపోతుంది."

లాపో నడక ఆపాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"నీ పేరు నేను పోనివ్వను నోఫ్రీ. ఈ ఒక్క ముఖం నేను చెప్పినట్టు వెయ్యి. పక్కన వచ్చే ముఖం మాత్రం నీకు వచ్చిన విద్యంతా పెట్టి వెయ్యి. ఉన్నది ఉన్నట్టు. వెంట్రుకవాసి తగ్గినా, పెరిగినా ఒప్పుకోను."

ఇక చేసేదేముంది? నోఫ్రీ పళ్ళు బిగించి వేశాడు. చేప పెదవి పెట్టాడు, మూడు గడ్డాలు వేలాడదీశాడు, ముక్కు చివర శనగగింజంత పులిపిరి పెట్టాడు. లాపో చూసి, కానుకలందుకున్న బాలయేసు కంటే ఎక్కువగా మురిసిపోయాడు. "అబ్బ! ఏం దరిద్రంగా ఉన్నానయ్యా!" అంటూ నోఫ్రీని కావలించుకుని, "ఉండు, ఇప్పుడే తీసుకొస్తా," అని పరుగెత్తాడు.

తీసుకొచ్చింది తన భార్య దియానోరాను. ముఖాన గడ్డం దాకా మందపాటి ముసుగు. మశూచి ఏడాది తరవాత ఆవిడ ముఖం పనిమనిషి కూడా చూడలేదని ఊళ్ళో చెప్పుకునేవారు. చర్చికొస్తే స్తంభం వెనక నిలబడి, అందరికంటే ముందు వెళ్ళిపోయేది.

"నా బొమ్మ వేయించాలని ఈయన పట్టుబడుతున్నారు," అందావిడ. "ముసుగుతోనే వెయ్యండి బాబూ. మీకూ శ్రమ తప్పుతుంది."

"సరేనమ్మా," అన్నాడు నోఫ్రీ.

దియానోరా గోడవైపు తిరిగింది. ముసుగులోంచి సరిగ్గా కనపడలేదేమో, రెండడుగులు దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ, ఇదా మీరు?"

"నేనే! ఎలా ఉన్నాను?"

ముందు ముసుగు కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత ఆవిడ పొట్ట పట్టుకుని బల్ల మీద కూలబడి నవ్వింది. "ఆ పెదవి... ఆ పెదవి ఎక్కడ దొరికిందండీ?" అంటూ నవ్వింది. "చేపలామె దగ్గర," అని లాపో అనేసరికి ఊపిరాడక, కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి ముసుగు ఎత్తేసింది.

ముఖం నిండా మశూచి గుంటలు. బెట్టో చేతిలో తాపీ జారి కింద పడింది. ఆ చప్పుడుకు ఆవిడ తుళ్ళిపడి ముసుగు మీద చెయ్యి వేసింది. గోడ మీది కప్పను మళ్ళీ ఒకసారి చూసింది. చెయ్యి కిందికి దించేసింది.

"ఈయన పక్కన నేను ఎలా ఉన్నా అప్సరసనే," అంది. "ఇలాగే వెయ్యండి."

లాపో బయట ఏదో పని ఉందని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సున్నం ధూళి పడిందని బెట్టో మీద కేకలేశాడు.

దియానోరా కదలకుండా కూర్చుని, పెదవులు మాత్రం కదిపి నోఫ్రీతో అంది: "పిచ్చిమనిషి. పెట్టె మీద మొదటి పులిపిరి పెట్టించినప్పుడే నాకు అర్థమైంది. అప్పుడు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఈసారి మరీ హద్దు మీరారు."

నోఫ్రీ ఆ ముఖాన్ని వేసినట్టు అంతకుముందు ఏ దేవదూతనూ వెయ్యలేదు. గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. అప్పుడే నవ్వి ఆపిన మనిషి కళ్ళ చుట్టూ ఉండే తడి, పెదవి మూల మిగిలిపోయిన అల్లరి, అవీ ఉన్నాయి. అయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే ఛాతీ నిండిపోయింది. ఇది నా చెయ్యే వేసిందని ఎవరితోనైనా చెప్పాలనిపించి, పక్కన ఇంకెవరూ లేక బెట్టోతో చెప్పాడు. "చూశాంలెండి," అన్నాడు బెట్టో, కానీ తలమీది టోపీ తీశాడు.

యోహాను పండగ నాడు తెర తీశారు. ముందు నవ్వు లేచింది. లాపో పులిపిరిని ఒకరికొకరు చూపించుకుంటూ పిల్లాజెల్లా అందరూ నవ్వారు. తరవాత చూపులు ఒక్కొక్కటే పక్కకు జరిగాయి. నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. గోడ కింద స్తంభం ముందు అదే ముఖంతో, ముసుగు లేకుండా, మెడ నిటారుగా పెట్టుకుని దియానోరా నిలబడి ఉంది.

రినియేరి గోడను చూశాడు, ఆవిడను చూశాడు, వంగి నమస్కరించాడు. తరవాత నోఫ్రీ దగ్గరికి వచ్చాడు.

"మా హాలు గోడలు నీవే. ఒక్క మాట, నన్ను ఆవిడను వేసినట్టు వెయ్యి. ఆయనను వేసినట్టు కాదు."

జనం వెళ్ళాక దియానోరా నోఫ్రీని పిలిచింది. "బాబూ, ఇంక ఆ కప్ప అవసరం లేదు. కొట్టించేసి, ఆయన ముఖం ఆయనకు ఇచ్చెయ్యండి. మొదట వేసింది బాగుందట కదా."

బెట్టో ఉలి తీశాడు. లాపో రెండు చేతులూ చాపి గోడకు అడ్డం నిలబడ్డాడు.

"నా ముఖం జోలికొస్తే ఊరుకోను! ఉండనీ. నేను పోయాక కూడా ఈ ఊరు ఇక్కడ నిలబడి, ఇంత చక్కని ఇల్లాలు ఆ కప్పకి ఎలా దొరికిందిరా అని ముక్కున వేలేసుకోవాలి!"

ఆ మాట అంటూ ఆయన గర్వంగా ముక్కు పైకెత్తాడు. దియానోరా దగ్గరికి వెళ్ళి, లేని పులిపిరి ఉండాల్సిన చోట వేలితో ఒక్కటి వేసి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించింది.