గుండీలు లెక్కపెట్టే పెద్దాయన

పిల్లల పుస్తకాలు వేసే ఆఫీసులో బొమ్మలు ఎంపిక చేసే పెద్దాయనకి ఒక్కటే పిచ్చి: గుండీలు లెక్కపెట్టడం. మీరు వేసిన అడవిని చూసి లోకమంతా నోరెళ్లబెట్టనీ, ఆయన మాత్రం భూతద్దం పట్టుకుని ఎలుగుబంటి చొక్కా మీద వాలిపోతాడు. తన చొక్కాకి మాత్రం ఏనాడూ గుండీలు పూర్తిగా ఉండవు, అది వేరే సంగతి.

బొమ్మలమ్మాయి తను వేసిన ఎలుగుబంటి కథ బొమ్మలు పట్టుకుని మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ఆరో పేజీ దగ్గర ఆగిపోయాడు.

“మొదట్లో నాలుగు గుండీలు. ఇక్కడ మూడే. నాలుగోది ఏమైందమ్మా?”

“మర్చిపోయానండీ.”

“నువ్వు మర్చిపోతావు. పిల్లలు మర్చిపోరు.”

రెండోసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని వేసింది. ఆయన పన్నెండు పేజీలూ లెక్కపెట్టాడు. “గుండీలు సరిపోయాయి. కానీ కథలో రాసిందే వేశావు. రాయనిది బొమ్మ చెప్పాలి కదా!”

ఇంటికొచ్చి అగ్గిమీద గుగ్గిలమైంది. “ఆయన దర్జీ దుకాణం పెట్టుకోవాల్సిందక్కా! ఈసారీ కాదంటే కుంచెలు అటకెక్కిస్తాను.”

అక్క బట్టలు మడతపెడుతూ నవ్వింది. “అంత గుండీల పిచ్చైతే, ఒకటి ఊడగొట్టి చూడవే.”

మూడోసారి పెద్దాయన మూడో పేజీలోనే పట్టేశాడు. “గుండీ లేదు!”

బొమ్మలమ్మాయి మొండిగా, “వెతకండి,” అంది.

భూతద్దం కదిలింది. నాలుగో పేజీ మూలలో ఓ ఎలుక గుండీని దొర్లించుకుపోతోంది. ఏడో పేజీలో ఆ గుండీనే కంచం చేసుకుని అన్నం తింటోంది. చివరి పేజీలో, నిద్రపోతున్న ఎలుగుబంటి చొక్కాకి దాన్ని తిరిగి కుడుతోంది.

“కథలో ఈ ఎలుక ఎక్కడా లేదే!”

“లేదండీ. బొమ్మల్లోనే ఉంది.”

పెద్దాయన కుర్చీలోంచి లేచి ఆఫీసు అదిరేలా అరిచాడు. “ఒప్పందం కాగితాలు తీసుకురండి! మనకి బొమ్మలమ్మాయి దొరికింది!”

సంతకానికి పెన్ను కోసం సొరుగు లాగాడు. నిండా పిల్లల ఉత్తరాలు. పైనున్నదాన్ని ఆమె చదివింది: ‘ఏనుగు గుండీ పోయింది. దానికి చలేస్తోందా?’ పక్కనే ఆయన రాసిన జవాబు: ‘దొరికింది నాన్నా. నువ్వే భద్రంగా దాచు.’ దానికి ఒక గుండీ అంటించి ఉంది.

ఆమె ఆయన చొక్కా వైపు చూసింది. పైగుండీ ఉండాల్సిన చోట దారం వేలాడుతోంది.

“ఆ ఏనుగు పుస్తకం నేనే ఒప్పుకున్నా తల్లీ, లెక్కపెట్టకుండా,” అన్నాడు సిగ్గుపడుతూ. “ఇప్పటికి పదకొండు చొక్కాలయ్యాయి. మా ఆవిడ కుట్టడం మానేసింది.”

బొమ్మలమ్మాయి దర్జాగా సంతకం పెట్టింది. తర్వాత తన కోటు గుండీ ఒకటి పుటుక్కున తెంపి బల్ల మీద పెట్టింది. “రేపటి ఉత్తరానికి.”

పెద్దాయన దాన్ని భూతద్దంలో పరీక్షగా చూశాడు.

“పనికొస్తుంది,” అన్నాడు. “కానీ నీ కోటుకి ఇప్పుడు ఒకటి తక్కువైందమ్మా.”