ఊగే గూడు

నైట్ షిఫ్టు ముగించుకుని యూనస్ ఇంటికొచ్చేసరికి ఫ్యాను ఆగే ఉంది. జగ్గయ్యపేటలో ఏప్రిల్ అంటే పొద్దున్నే గోడలు వేడెక్కుతాయి. ఐదేళ్ల ఇర్ఫానా చెమటలో తడిసి మంచం మీద కూర్చునుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు.

"రాత్రంతా ఇంతేనండీ. స్విచ్ మీద చెయ్యేస్తే ఏడుపు," అంది భార్య జాకియా. ఆమె కళ్లూ గుంటలు పడ్డాయి.

పోయిన నెల వెంటిలేటర్లోంచి దూరిన పిచ్చుక ఒకటి ఫ్యాను రెక్క తగిలి ఇర్ఫానా పక్కమీదే పడి చచ్చిపోయింది. ఆనాటి నుంచీ పిల్ల ఫ్యాను వేయనివ్వదు. ఇప్పుడు మరో జంట వచ్చి, ఫ్యాను కొక్కేన్ని కప్పే ప్లాస్టిక్ గిన్నెలో గడ్డి పేరుస్తోంది. వెంటిలేటర్ మూస్తే గాలాడదు. గాలాడకపోతే ఆయాసం. గది చల్లగా ఉండాలని నందిగామ డాక్టరు వెళ్లినప్పుడల్లా చెబుతూనే ఉన్నాడు. ఆ గడ్డి లాగేయడం యూనస్‌కు క్షణం పని. కానీ గూడు పీకనని కూతురికి మాటిచ్చేశాడు.

"వాటికి వేరే గూడు కడితే ఫ్యాను వేసుకుందామా అమ్మా?"

ఇర్ఫానా తలెత్తి ఫ్యాను గిన్నె వైపు చూసింది. "అవి అందులోకి వెళ్తేనే."

యూనస్ కెమిస్ట్రీ చదివాడు. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో రాతిపొడి తూచే ఉద్యోగం. రంపం పట్టడం ఇదే మొదలు. నిద్ర మానుకుని మామిడిపళ్ల చెక్కపెట్టె విప్పాడు. రంపపు పొట్టు పిల్లకు పడదని ఎర్రటెండలో డాబా మీద కూర్చుని పలకలు కోశాడు. పిచ్చుక దూరి గోరింక దూరలేనంత కంత తొలిచాడు. రంగు వాసనకు ఎక్కడ ఆయాసం వస్తుందోనని రంగు జోలికే పోలేదు. చొక్కా దులుపుకుని, కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే కిందికి దిగాడు.

చిక్కంతా తగిలించే దగ్గరొచ్చింది. పై వాటాలో ఉండే ఇంటి ఓనరు సతీష్‌బాబుది ఒకటే షరతు, గోడకు మేకు పడకూడదు. యూనస్ వాళ్ల వాటాలో క్యాలెండరు కూడా కిటికీ ఊచకే వేలాడుతుంది. అందుకని వరండాలో వరికంకుల కుచ్చు కట్టిన కొక్కేనికే పెట్టెనూ తీగతో వేలాడదీశాడు.

పిచ్చుకలు వచ్చాయి. కుచ్చులో గింజలు తిన్నాయి. పెట్టె మీద వాలాయి. వాలగానే అది గిర్రున తిరిగింది. తుర్రుమన్నాయి, మళ్లీ ఫ్యాను గిన్నెలోకే.

యూనస్ కంత వెడల్పు మళ్లీ కొలిచాడు. పెట్టె ముఖం తూర్పుకు తిప్పాడు. లోపల పీచు పెట్టాడు. షిఫ్టు నుంచి రావడం, పిల్ల ఛాతీకి చెవి ఆనించడం, తర్వాత వరండాలో నిలబడి పైకి చూడటం. నిద్రలేక ల్యాబులో ఒకే శాంపిలును రెండుసార్లు తూచాడు.

ఆదివారం వీరులపాడు నుంచి వాళ్లమ్మ మీరాబీ వచ్చింది. వస్తూనే గోడలన్నీ కలయజూసి, "ఏందిరా ఇది, కళ్లజోడు తీసి పెడదామంటే ఒక్క గూడూ లేదే ఈ కొంపలో!" అంది.

ఇర్ఫానా నవ్వింది. "గూట్లో ఉండేది పిచ్చుకలు కదా నానమ్మా!"

"గోడలో ఉండేదీ గూడేనే పిచ్చిదానా. మనూళ్లో ఒక గూట్లో దీపం, ఒక గూట్లో నా వక్కాకు, ఇంకోదాంట్లో పిచ్చుకలు."

పిల్ల వరండాలోకి చూసింది. "మరి నాన్నది గోడలో లేదుగా. అది ఉయ్యాల."

కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్న యూనస్ ఆ మాట విన్నాడు. ఇన్నాళ్లూ కంతను కొలిచాడే గానీ ఊపును పట్టించుకోలేదు. లేచి సుత్తి తీశాడు.

"ఓనరు గారో?" అంది జాకియా.

"నేను చెప్పుకుంటాలే."

మొదటి దెబ్బకే సతీష్‌బాబు మెట్లు దిగి వచ్చాడు. "ఏంటయ్యా యూనస్, ఇల్లు కూల్చేస్తన్నావా?"

"ఒక్క మేకేనండీ. పిల్ల నిద్రపోవట్లేదు." అంతకంటే వివరించే ఓపిక లేదతనికి.

"మేకు కాదు తాతా, గూడు," అంది ఇర్ఫానా. ఆ ముక్క అనడానికి మధ్యలో రెండుసార్లు దగ్గింది.

సతీష్‌బాబు పిల్లను చూశాడు, పెట్టెను చూశాడు. "ఒక్క మేకుకు ఆగుద్దా అది? రెండు కొట్టు. తలుపు పైన కొట్టు, నా కళ్లబడకుండా," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పెట్టె గోడకు అతుక్కుంది. మర్నాడు గడ్డిపోచతో పిచ్చుక వాలితే కదల్లేదు. పిచ్చుక తల లోపలికి పెట్టి చూసి, దూరింది. వారం తిరిగేసరికి ఫ్యాను గిన్నె వైపు రావడం మానేశాయి. అందులో గుడ్లు లేవని స్టూలెక్కించి చూపించాకే ఇర్ఫానా ఆ గడ్డి తీయనిచ్చింది.

అయినా ఆ పూట ఫ్యాను వేయమని ఎవరూ అడగలేదు. యూనస్ షిఫ్టు బట్టలతోనే చాప మీద వాలిపోయాడు. మగతలో స్టూలు ఈడ్చిన చప్పుడు, టక్‌మని స్విచ్. చెమట పట్టిన మెడకు గాలి తగిలింది.

"ఒకటిలోనే పెట్టా నాన్నా," అంటూ ఇర్ఫానా పక్కన చేరింది.

కళ్లు తెరవకుండానే పిల్ల ఊపిరి విన్నాడు. పిల్లికూత ఇంకా ఉంది, కాస్త సన్నగా. అది ఆగేదాకా వింటూ ఉండాలనుకున్నాడు గానీ, ముందు అతనికే నిద్రపట్టేసింది.