గాలం గుచ్చుకున్న పిల్లి

చిలుకమ్మ మట్టెవాడలో రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. పొద్దున్నే చేపల మార్కెట్టుకు వెళ్లి రవ్వలు, బొచ్చెలు, దొరికితే కొర్రమట్టలు తెచ్చుకుని కత్తిపీట ముందు కూర్చుంటుంది. భర్త పోయాక ఈ పనితోనే కొడుకు మధును పెంచింది. మధు ఇప్పుడు మడికొండ ఐటీ పార్కు ఉద్యోగులకు కారు నడుపుతాడు. నిరుడు అతను లిదియాను చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. చిలుకమ్మ ఆ పెళ్లికి పోలేదు.

కోడలు ఇంటికొచ్చింది గానీ, అత్త ఆమెతో నేరుగా మాట్లాడలేదు. "మధూ, కూరల ఉప్పు తక్కువైందని చెప్పు" అనేది, కోడలు ఎదురుగా ఉండగానే. మధు డ్యూటీకి పోతే ఇంట్లో మాటే వినబడేది కాదు.

వాకిట్లోకి ఒక చారల పిల్లి వచ్చేది. అమ్ముడుపోగా మిగిలిన తలకాయలను చిలుకమ్మ దానికి విసిరేది. ప్రేమేమీ కాదు, ఎలాగూ పారేసేవేనని.

వానాకాలంలో ఒకరోజు అలాగే ఓ కొర్రమట్ట తలకాయ వేసింది. ఎవరో గాలంతో పట్టిన చేప అది. తెగిన గాలం నోట్లోనే ఉండిపోయింది. చిలుకమ్మ చూసుకోలేదు. పిల్లి ముందు కాలితో తలకాయను అదిమిపట్టి కొరకబోయేసరికి గాలం మెత్తటి పాదంలోకి దిగింది. అరుస్తూ, కాలికి వేలాడే తలకాయతో వాకిలంతా పరుగెత్తి నీళ్ల డ్రమ్ము వెనక నక్కింది.

చిలుకమ్మ డ్రమ్ము వెనక్కి చెయ్యి పెట్టింది. పిల్లి ఆమెను మణికట్టు దగ్గర రక్తం వచ్చేలా గీరింది. లిదియా గడపలో నిలబడి చూస్తోంది.

"నిలబడి సూస్తవేంది? తువ్వాల తే!" అంది చిలుకమ్మ. కోడలితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అదే.

లిదియా తువ్వాలు తెచ్చి పిల్లి మీద కప్పి, తలతో సహా చుట్టి ఒళ్లోకి తీసుకుంది. చిలుకమ్మ కత్తెరతో చేప దవడ కోసి తలకాయను వేరు చేసింది. గాలం మాత్రం పాదంలోనే ఉంది.

"గుంజకు అత్తమ్మా, కండ ఊసొస్తది."

"నాకెరుకే. జరం గోలి సగం ఏద్దామా? నొప్పన్న తగ్గుతది."

"వద్దు. దవాఖానకు తీస్కపోదాం."

చేపల గంపలో పిల్లిని పెట్టి, మీద ఇంకో గంప బోర్లించి, ఇద్దరూ ఆటో ఎక్కారు. పశువుల డాక్టరమ్మ మత్తు ఇచ్చి, గాలం ముల్లును అవతలికి తోసి, కత్తిరించి తీసింది. రోజూ గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగి మందు రాయాలని, గుడ్డ బిగించి కట్టొద్దని, పుండును నాకనివ్వొద్దని, మానేదాకా బయటికి వదలొద్దని చెప్పింది. జ్వరం గోలీ మాట వినగానే, "మనుషుల గోలీలు అసలే వెయ్యొద్దు, పిల్లి పానం పోతది" అంది. తర్వాత చిలుకమ్మ చెయ్యి చూసి, "ముందు సబ్బుతోని మంచిగ కడుగు. ఇయాల్నే పోయి సూది ఏయించుకో" అంది.

"గింత గీరినందుకే సూదా?" అంది చిలుకమ్మ. లిదియా వినలేదు. అదే ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లి సూది వేయించి గానీ ఇంటికి తీసుకురాలేదు.

చిలుకమ్మ గదిలో చేపల సామాను ఉంటుంది కాబట్టి పిల్లిని లిదియా గదిలో ఉంచారు. పాత టబ్బులో ఇసుక పోశారు. లిదియా ప్లాస్టిక్ ఫైలు అట్టను గరాటులా చుట్టి, పిల్లి కాలు నాకకుండా దాని మెడకు కట్టింది. పిల్లి ఆ గరాటుతో గోడలకు గుద్దుకుంటూ తిరిగింది. కాలు కడగాలంటే నాలుగు చేతులు కావాలి. లిదియా పట్టుకుంటే చిలుకమ్మ కడిగేది.

"జర గట్టిగ పట్టు."

"పట్టిన్నత్తమ్మా. నువ్వే మెల్లగ తుడుస్తలేవు."

మధు పెళ్లయినప్పటి నుంచి అంతవరకు చిలుకమ్మ ఆ గదిలో అడుగుపెట్టలేదు. రెండోసారి కట్టు మారుస్తుంటే ఆమె భుజం మీద నీటిచుక్క పడింది. తలెత్తి చూసింది. రేకుల సందులోంచి వాన కారుతోంది. మంచాన్ని గోడ పక్కకు జరిపి, చుక్కలు పడే చోట గిన్నె పెట్టి ఉంది.

"కురుస్తాంది గదనే. చెప్పొద్దా?"

"ఎవరికి చెప్పాలె అత్తమ్మా? ఆయనకు చెప్తె, రేపు రేపు అంటాండు."

చిలుకమ్మ పిల్లి కాలు తుడిచి, గుడ్డ వదులుగా చుట్టి, లేచి వెళ్లింది. మర్నాడు చేపలు అమ్మడానికి పోకుండా మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి, తను కింద నిలబడి రేకులు సరిచేయించింది.

పుండు నెమ్మదిగా మానింది. మధ్యలో ఒకసారి చీము పడితే లిదియా ఒక్కతే పిల్లిని మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. గరాటు తీసేసిన రోజు పిల్లి సాయంత్రందాకా కాలు నాక్కుంటూ కూర్చుని, తలుపు తెరవగానే వెళ్లిపోయింది. ఇప్పటికీ వస్తుంది. ఒక వేలు సరిగ్గా ముడుచుకోదు. గోడ ఎక్కేటప్పుడు కొంచెం తడబడుతుంది.

అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం మొదలయ్యాక పోట్లాడుకోవడం కూడా మొదలైంది. చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్నది పెద్ద తగవు. మొన్న అన్నానికి కూర్చున్న మధు, "అమ్మా, ఇదివరకే మంచిగుండె, ఇల్లు సప్పుడు లేకుంట" అన్నాడు.

"నువ్వు తిను" అన్నారు ఇద్దరూ.